రెసిడెన్సీలో శబ్దకళ: దరఖాస్తు నుంచి స్పీకర్లు విప్పేదాకా

"సంగీతం చేస్తాను, ఫీల్డ్ రికార్డింగులు (బయట తిరిగి పట్టిన శబ్దాలు) ఉన్నాయి. ఆర్టిస్ట్ రెసిడెన్సీకి ఎలా అప్లై చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటే కళాకారులకు కొన్ని వారాలో నెలలో పని చేసుకోవడానికి చోటూ సమయమూ ఇచ్చే కార్యక్రమం. శబ్దకళ అంటే శబ్దమే ముడిసరుకుగా చేసే కళ. ఎంపికైనవాళ్ళు అడిగేది వేరు: "ఆరు వారాలు ఇచ్చారు. ఇప్పుడేం చేయాలి?" నా లెక్కలో రెండోదే కష్టమైన ప్రశ్న.

రెసిడెన్సీలో పని దెబ్బతినేది రికార్డింగులు చాలక కాదు. ఎవరు, ఎక్కడ, ఎలా వింటారన్నది ఆఖరి వారం దాకా తేల్చుకోకపోవడం వల్ల. అందుకే ఇక్కడ ప్రతి అడుగులోనూ వినే చోటు ముందు, తయారుచేసే పని తరవాత.

## 1. ఏ రకం రెసిడెన్సీయో ముందు తేల్చుకోండి

పేరు ఒకటే అయినా లోపల మూడు రకాలున్నాయి.

స్టూడియో ఇచ్చేవి. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లోని ఈఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ సంగీత కేంద్రం ఇలాంటిది. 1964లో మొదలైన ఈ సంస్థలో బుక్లా, సెర్జ్ రకాల సింథసైజర్లు (శబ్దాన్ని కరెంటుతో పుట్టించే యంత్రాలు), అనేక స్పీకర్లున్న గదులు ఉంటాయి. మీ దగ్గర లేని పరికరం మీద పని చేయాలంటే ఇవి. స్టూడియో దొరికినంత మాత్రాన బస, ప్రయాణం, స్టైపెండ్ (ఖర్చులకిచ్చే భత్యం) కూడా దొరుకుతాయనుకోకండి. ఒక్కొక్కటీ విడిగా అడగండి.

ఏకాంతం ఇచ్చేవి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం పీటర్‌బరోలోని మెక్‌డవెల్ 1907 నుంచి నడుస్తోంది. మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి స్టూడియో గుమ్మం దగ్గర వదిలి వెళ్తారు, తలుపు కూడా కొట్టరు. స్వరరచన రాసుకునేవాళ్ళకు బంగారం లాంటి చోటు. ఊరి శబ్దాల మీద, జనంతో కలిసి పని చేసేవాళ్ళకు మాత్రం అంతగా కుదరదు.

ఊరితో కలిపేవి. ఢిల్లీలో 1997లో మొదలైన ఖోజ్ అనే కళాసంస్థ దక్షిణ ఢిల్లీ ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్ ఇరుకు గల్లీల మధ్య ఉంది. కిటికీ తీస్తే రికార్డింగు మొదలైనట్టే. స్విస్ ఆర్ట్స్ కౌన్సిల్ ప్రో హెల్వెటియాకు న్యూఢిల్లీలో ఆఫీసుంది. మన దేశ కళాకారులను స్విట్జర్లాండ్‌కు పంపే రెసిడెన్సీలు దాని ద్వారా నడుస్తాయి.

మీ పనికి పరికరం కావాలా, నిశ్శబ్దం కావాలా, మనుషులు కావాలా? ఒక్కటే ఎంచుకోండి. మూడూ కావాలని రాసిన దరఖాస్తు ఏదీ నిజంగా అక్కర్లేదన్నట్టు కనిపిస్తుంది.

## 2. ప్రతిపాదన రాయడం

ఎక్కువ దరఖాస్తులు ఇలా ఉంటాయి:

"శబ్దం ద్వారా స్థలానికీ జ్ఞాపకానికీ మధ్య ఉన్న సంబంధాన్ని అన్వేషిస్తాను."

దీంట్లో చేసే పని ఏదీ లేదు. ఇదే మనిషి ఇలా రాయొచ్చు:

"మంగళగిరిలో ఒకే వీధిలోని ఆరు గుంట మగ్గాలను రికార్డు చేస్తాను. ఆరు లయలనూ ఆరు చిన్న స్పీకర్లలో, నేత కూర్చునే ఎత్తులో, నేల మీద పెట్టి వినిపిస్తాను. కండె మార్చడానికి నేసేవారు ఆగిన చోట ఆ స్పీకర్ కూడా ఆగుతుంది. వినేవారు వాటి మధ్య నడుస్తారు."

రెండోది చదివినవాళ్ళకు గది కళ్ళకు కడుతుంది. ఎన్ని స్పీకర్లు, ఎంత చోటు, టెక్నీషియన్ కావాలా అన్నది వాళ్ళే లెక్కేసుకుంటారు.

రాసే వరుస:

1. ఏ శబ్దం, ఎక్కడిది (రెండు వాక్యాలు)
2. ఎవరు ఎలా వింటారు (రెండు వాక్యాలు)
3. ఈ రెసిడెన్సీలోనే ఎందుకు: అక్కడి గది, పరికరం, వీధి, మనుషులు. పేరుతో చెప్పండి
4. వారాల వారీగా పని
5. కావలసిన సామాన్లు, వాటిలో మీరు తెచ్చుకునేవి

ఇదివరకు ఎన్ని అవార్డులు వచ్చాయో బయోడేటాలో ఎలాగూ ఉంటుంది. ప్రతిపాదనలో ఆ చోటు వృథా చేయకండి.

## 3. ఆడియో శాంపిళ్ళు

ఎంపిక కమిటీలో చాలామంది మీ ఫైలును లాప్‌టాప్ స్పీకర్లలో, వరసగా, ఓపిక తగ్గుతున్న వేళ వింటారు. దానికి తగ్గట్టు సిద్ధం చేయండి.

- మొదటి 20-30 సెకన్లలోనే మీ పని ఏమిటో తెలియాలి. మెల్లగా మొదలయ్యే రచనైతే మధ్యలోంచి ముక్క తీసి పంపండి.
- లాప్‌టాప్ స్పీకర్లు కింది స్థాయి బాస్‌ను దాదాపు వినిపించవు. మీ రచన అంతా 60 హెర్ట్జ్ గుమగుమ మీద నిలబడి ఉంటే వేరే శాంపిల్ ఎంచుకోండి.
- ఇన్‌స్టలేషన్ (గదిలో అమర్చి, జనం తిరుగుతూ వినే పని) అయితే ఆడియో ఒక్కటే చాలదు. గదిలో మనిషి నడుస్తున్న వీడియో రెండు నిమిషాలు జతచేయండి.
- లింకుకు పాస్‌వర్డ్ పెడితే అది పని చేస్తోందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోండి. గడువు తీరిపోయే లింకులు పంపకండి.

## 4. ఒప్పందం మీద సంతకానికి ముందు

ఎంపికయ్యామన్న సంతోషంలో ఒప్పందం చదవకుండా సంతకం చేసేవాళ్ళే ఎక్కువ. ఈ ప్రశ్నలకు జవాబు రాతలో ఉండాలి:

- [ ] స్టైపెండ్ ఎంత, ఎన్ని విడతలు, ముందే ఇస్తారా చివర్లోనా
- [ ] ప్రయాణం, వీసా ఫీజు, ఇన్సూరెన్స్ ఎవరివి
- [ ] స్టూడియో తాళం రాత్రి కూడా మీ చేతిలో ఉంటుందా
- [ ] ఎంత గట్టిగా, ఎన్ని గంటల దాకా మోగించవచ్చు
- [ ] స్పీకర్లు, కేబుళ్ళు, టెక్నీషియన్: ఎన్ని, ఏ రోజుల్లో
- [ ] చివర్లో ప్రదర్శన తప్పనిసరా, చేసిన పని ఎవరిది

ఆఖరి ప్రశ్న ముఖ్యం. ఒప్పందం మన దేశ చట్టం కింద ఉంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 గుర్తుంచుకోండి. హక్కులు రాసిచ్చే పత్రంలో గడువు లేకపోతే 5 ఏళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. అందుకే తెలివైన సంస్థలు "ఎప్పటికీ, ప్రపంచమంతటా" అని రాస్తాయి. ఆ మాట కనిపిస్తే "ప్రచారం కోసం, మూడు నిమిషాలకు మించకుండా" అని మార్చమని అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడగనివాళ్ళకే ఆ మాట అలా ఉండిపోతుంది.

## 5. బయల్దేరే ముందు

వీసా. షెంగెన్ దేశాలకు (ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాలు) స్వల్పకాల వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. "మూడు నెలల రెసిడెన్సీ" జులై, ఆగస్టు, సెప్టెంబరులో పడితే 92 రోజులు. ఈ రెండు రోజుల తేడా టికెట్ కొనకముందే చూసుకోండి. దరఖాస్తు 6 నెలల ముందు నుంచి చేసుకోవచ్చు. ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు చేయాలి, కానీ అంతదాకా ఆగితే టెన్షనే.

సామాన్లు. ఖరీదైన రికార్డర్, మైకులు తీసుకెళ్తుంటే వెళ్ళేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. సీరియల్ నంబర్ల జాబితా, బిల్లుల కాపీలు ఉంటే పని తొందరగా అవుతుంది. తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నదా?" అనే ప్రశ్నకు ఆ కాగితమే జవాబు. పెట్టెల కొద్దీ పరికరాలు వెళ్తుంటే ఏటీఏ కార్నే (సుంకం కట్టకుండా సామాను తాత్కాలికంగా తీసుకెళ్ళి తెచ్చుకునే పత్రం) గురించి కనుక్కోండి. మన దేశంలో దాన్ని వాణిజ్య సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది.

కరెంటు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడా ఐరోపాలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడాప్టర్ మీద "100-240" అని ఉంటే పిన్ మార్చుకుంటే చాలు. లేకపోతే అమెరికా వెళ్ళేటప్పుడు ఆ పరికరం ఇంట్లోనే ఉంచండి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టాలి.

నేను చెప్పే కనీస మూట ఇది:

- [ ] రికార్డర్ ఒకటి, మెమరీ కార్డులు రెండు
- [ ] స్టీరియో మైకు, దానికి బొచ్చు తొడుగు
- [ ] కాంటాక్ట్ మైకులు రెండు (వస్తువుకు అంటిస్తే దాని కంపనాన్ని పట్టేవి; పోయినా బాధ ఉండదు, చౌకే)
- [ ] చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్
- [ ] హార్డ్ డిస్కులు రెండు
- [ ] గుడ్డ టేపు, మార్కర్, నోటుబుక్కు

నోటుబుక్కును చిన్నచూపు చూడకండి.

## 6. మొదటి వారం: మైకు సంచిలోనే

చేరగానే రికార్డు చేయాలనిపిస్తుంది. ఆగండి. కొత్త చోట మొదటి రోజుల్లో అన్నీ అద్భుతంగానే వినిపిస్తాయి. ట్రామ్ గంట, చర్చి గంట, పక్షులు అన్నీ. అలా రికార్డు చేసిన వాటిలో ఎక్కువ భాగం తరవాత పర్యాటకుల ఫోటోల్లా మిగులుతాయి.

బదులుగా ఇలా చేయండి:

1. ఒకే చోట తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి పది నిమిషాలు కూర్చుని విన్నది రాయండి. "పక్షి" అని కాదు. "ఎడమ చెట్టు మీద రెండు స్వరాల కూత, బస్సు వచ్చినప్పుడల్లా ఆగుతోంది" అని.
2. మీ పని వినిపించబోయే గదిలోకి వెళ్ళండి. చప్పట్లు కొట్టి ప్రతిధ్వని ఎంతసేపు ఉంటుందో చూడండి.
3. అదే గదిలో కింది స్వరం నుంచి పైకి మెల్లగా "ఊఁ" అంటూ వెళ్ళండి. ఒకటి రెండు స్వరాల దగ్గర గది ఒక్కసారిగా గట్టిగా పలుకుతుంది. వాటిని రాసుకోండి. మీ రచనలో ఆ స్వరాలు ఎక్కువుంటే గది మింగేస్తుంది, లేదా మోసుకెళ్తుంది. ఏది జరగాలో మీరే నిర్ణయించండి.
4. ఫ్రిజ్, ఏసీ, లిఫ్టు, పక్క గది. ఇవి ఎప్పుడు మోగుతాయో తెలుసుకోండి.

వారం చివర ఒకే శబ్దాన్ని, ఒకే ప్రశ్నను ఎంచుకోండి.

## 7. రికార్డింగ్

మంగళగిరి మగ్గాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మగ్గం చప్పుడు ఒక్కటి కాదు. నాడె అటూ ఇటూ పరుగెత్తి చివర తగిలే "టక్", పేకను లోపలికి కొట్టేటప్పుడు వచ్చే "దబ్", కాలి చెక్కల కిర్రు, వీటన్నిటి వెనక రేడియో, మాటలు, పక్కింటి మగ్గం.

మూడు దూరాల్లో తీయండి. నేసేవారి చెవి ఎత్తులో ఒకటి. కర్ర చట్రానికి అంటించిన కాంటాక్ట్ మైకుతో ఒకటి. గోడ బయట వీధిలోంచి ఒకటి. ఎడిటింగ్‌లో ఈ మూడింటి మధ్య తిరిగితేనే వినేవారికి లోపలికి వెళ్ళిన, బయటికి వచ్చిన అనుభూతి కలుగుతుంది. ఎఫెక్టులతో అది రాదు.

కాంటాక్ట్ మైకు పలచగా, రేకులా వినిపిస్తే తప్పు మైకుది కాదు, ఇన్‌పుట్‌ది. పియెజో మైకుకు (కాంటాక్ట్ మైకులు ఎక్కువగా ఈ రకమే) ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) ఎక్కువున్న ఇన్‌పుట్ కావాలి, 1 మెగా ఓమ్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ. మామూలు మైక్ ఇన్‌పుట్‌లో పెడితే బాస్ పోతుంది. గిటార్ ఇన్‌పుట్ గానీ చిన్న ప్రీఆంప్ గానీ వాడండి. మైకును కదిలే భాగాలకు దూరంగా, చదునైన కర్ర మీద గట్టిగా అంటించండి. వైరు వేలాడుతూ చట్రానికి తగిలితే ప్రతి తగులూ రికార్డవుతుంది, కాబట్టి వైరుకు కూడా టేపు వేయండి.

సెట్టింగులు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. శబ్దాన్ని బాగా సాగదీసి వాడే ఉద్దేశం ఉంటేనే 96కి వెళ్ళండి. పెద్ద దెబ్బలు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేలా లెవెల్ పెట్టండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే సెట్టింగుతో పట్టేది) ఉంటే లెవెల్ బెంగ తగ్గుతుంది. కానీ మైకే తట్టుకోలేని శబ్దాన్ని అది కూడా కాపాడలేదు. మీటరు దూరంలో డప్పు మీద ఆ పరీక్ష ముందు చేసి చూడండి.

ప్రతి టేకు మొదట్లో మాట చెప్పండి: తేదీ, చోటు, ఏ మైకు, ఏ వైపు. చివర్లో ఎవరూ ఏమీ చేయకుండా రెండు నిమిషాలు ఖాళీ గది శబ్దం తీసుకోండి. ముక్కలు అతికేటప్పుడు ఆ రెండు నిమిషాలే ఆదుకుంటాయి.

అనుమతి. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. ఒగ్గు కథ, జముకుల కథ చెప్పేవారికి కాపీరైట్ చట్టం సెక్షన్ 38 కింద ప్రదర్శకుల హక్కు ఉంది. జర్మనీలో ఎదుటివారి ప్రైవేటు మాటలను వారికి తెలియకుండా రికార్డు చేయడం నేరం. కెఫేలో పక్క బల్ల మాటలు "వాతావరణం" అని తీసుకోవడం కుదరదు.

రికార్డర్ ఆన్ చేసి, వాళ్ళ భాషలోనే అడగండి: "ఇది ఫలానా ఊళ్ళో ప్రదర్శనలో వినిపిస్తాను. ఇంత ఇస్తాను. మీ పేరు వేయమంటారా, వద్దా?" జవాబు కూడా రికార్డవుతుంది. ఇచ్చే డబ్బు బడ్జెట్‌లో ముందే రాసుకోండి. కొన్ని పూజల పాటలు బయట వినిపించకూడదంటారు. వద్దంటే వద్దంతే, బతిమాలకండి.

## 8. ఏ రాత్రి పని ఆ రాత్రి

రోజు ముగిశాక కార్డు నుంచి రెండు డిస్కులకూ కాపీ చేయండి. రెండూ తెరిచి విన్నాకే కార్డు చెరపండి. డిస్కులు రెండూ ఒకే సంచిలో పెట్టకండి.

ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా తేదీ, చోటు, మైకు, టేకు నంబరు వరుసలో పెట్టండి. తెలుగు పేర్లు మనకు ముద్దే గానీ కొన్ని ప్లేయర్లు వాటిని చదవవు.

ఆ రోజు తీసినదంతా విని మూడే ముక్కలకు చుక్క గుర్తు పెట్టండి. రోజూ వినకుండా పోగేస్తే నాలుగో వారానికి అది కొండవుతుంది.

## 9. ఆరు వారాల పంపకం

- మొదటి వారం: వినడం, గది పరీక్ష
- రెండు, మూడు: రికార్డింగ్
- నాలుగు: ఎంపిక, ఎడిటింగ్. కొత్త రికార్డింగ్ బంద్
- ఐదు: అసలు గదిలో, అసలు స్పీకర్లతో చిత్తుప్రతి
- ఆరు: సర్దుబాట్లు, డాక్యుమెంటేషన్, ప్రదర్శన

నాలుగో వారంలో "ఇంకొక్క రికార్డింగ్" అనే కోరిక తప్పకుండా పుడుతుంది. నా మాట: లొంగకండి. ఐదో వారంలో గదిలో పెట్టి విన్నప్పుడు నిజంగా ఏదైనా తగ్గితే, ఒక పూట వెళ్ళి ఆ ఒక్కటే తెచ్చుకోండి.

ఎడిటింగ్‌కు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రీపర్ అనే ఆడియో ఎడిటర్ ఎక్కువ చానెళ్ళ పనికి బాగుంటుంది, చవక కూడా. శబ్దం తనంతట తాను మారుతూ ఉండాలంటే ప్యూర్ డేటా అనే ప్రోగ్రామ్ ఉంది, ఉచితం. అయితే రెసిడెన్సీలో కూర్చుని కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోకండి. అది ఇంటి దగ్గర చేసే పని.

## 10. గదిలో పెట్టడం

1. ముందు స్పీకర్ల చోటు, తరవాత మిక్స్ (శబ్దాల పాళ్ళు కుదర్చడం). హెడ్‌ఫోన్‌లో చేసిన మిక్స్ గదిలో నిలవదు. గదికి సొంత ప్రతిధ్వని ఉంటుంది. మీరు వేసిన రెవర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) దానికి తోడై అంతా బురదవుతుంది. రెవర్బ్ తీసేసి మొదలుపెట్టండి.

2. మాటల ఫైలుతో వైరింగ్ పరీక్ష. మీ గొంతుతో "ఒకటి", "రెండు", "మూడు", "నాలుగు" అని ఒక్కొక్కటి ఒక్కో చానెల్‌లో పెట్టి ఫైలు చేయండి. మోగించి గదిలో నడవండి. ఏ స్పీకర్ ఏ అంకె చెబుతోందో వినగానే తప్పు వైరు బయటపడుతుంది. కేబుల్ రెండు కొసలకూ అంకె అంటించండి.

3. లూప్ (ఆగకుండా మళ్ళీ మళ్ళీ మోగే ముక్క) వేవ్ ఫైలులోనే. ఎంపీ3 తయారయ్యేటప్పుడు మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరుతుంది. లూప్ తిరిగిన ప్రతిసారీ ఎక్కిళ్ళు వినిపిస్తాయి. వేవ్‌లో కూడా "టిక్" వస్తుంటే మొదలు, చివర సున్నా దగ్గర కలిసేలా చిన్న క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా కలపడం) వేయండి.

4. కరెంటు పోయి వస్తే? ప్లగ్ పీకి మళ్ళీ పెట్టి చూడండి. ఎవరూ ఏమీ నొక్కకుండా పని దానంతట అదే మొదలవ్వాలి. గ్యాలరీ తెరిచే మనిషి మెయిన్ స్విచ్ వేస్తారు, అంతే. లాప్‌టాప్ వాడక తప్పకపోతే అప్‌డేట్లు, నోటిఫికేషన్లు, స్లీప్ మూడూ ఆపండి.

5. రెండు వాల్యూములు. ఖాళీ గదిలో పెట్టిన వాల్యూమ్ ప్రారంభోత్సవం రోజు చాలదు. మనుషుల ఒళ్ళు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి, పైగా మాట్లాడుతూనే ఉంటారు. మామూలు రోజుకు ఒకటి, ఆ రోజుకు ఒకటి గుర్తు పెట్టుకోండి.

6. పక్క గదికి వెళ్ళి వినండి. మీ బాస్ గోడ దాటి వేరే కళాకారుడి వీడియోలో కలుస్తుంటే స్పీకర్‌ను నేల మీంచి ఎత్తి కింద రబ్బరు ముక్కలు వేయండి, మూలకు దూరంగా జరపండి.

## 11. తరచుగా వచ్చే చిక్కులు

"సన్నటి గుయ్ శబ్దం ఉంది." లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోతే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ వైర్ల మధ్య తిరిగే కరెంటు). అన్నిటినీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి తీసుకోండి, లేదా మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టండి. ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

"గాలి అంతా పాడుచేసింది." ఎడిటింగ్‌లో పోదు. బొచ్చు తొడుగు వేసి, 80 హెర్ట్జ్ లో-కట్ (అంతకన్నా కింది శబ్దాలను తగ్గించే ఫిల్టర్) పెట్టి, గోడ చాటున మళ్ళీ తీయండి.

"విన్నవాళ్ళు నిమిషంలో వెళ్ళిపోతున్నారు." కుర్చీ వేయండి. నిజంగానే. కూర్చునే చోటు లేని గదిలో ఎవరూ పది నిమిషాలు నిలబడరు. నిడివి ఎంతో గోడ మీద రాయండి.

"రచన పూర్తి కాలేదు." పూర్తయిన నాలుగు నిమిషాలు వినిపించండి. చిత్తుగా ఉన్న ఇరవై నిమిషాలు వద్దు.

## 12. విప్పేముందు, వెళ్ళాక

స్పీకర్లు విప్పితే ఆ పని మళ్ళీ ఉండదు. తరవాతి దరఖాస్తుకు అక్కరకొచ్చేది ఇప్పుడు తీసుకున్న డాక్యుమెంటేషనే.

- [ ] గది మధ్యలో వినేవారి చెవి ఎత్తులో స్టీరియో లేదా బైనారల్ (రెండు చెవుల దగ్గర మైకులతో తీసే) రికార్డింగ్, కనీసం ఒక పూర్తి లూప్
- [ ] జనం ఉన్నప్పటి వీడియో, జనం లేనప్పటి వీడియో
- [ ] స్పీకర్ల చోట్లు, ఎత్తులు, దూరాలతో చేతి బొమ్మ
- [ ] చానెల్ వరుస, ఆంప్ మీది వాల్యూమ్ గుర్తుల ఫోటో
- [ ] అన్ని చానెళ్ళ అసలు ఫైళ్ళు, రెండు డిస్కుల్లో
- [ ] రికార్డు చేసినవారికి వారి ముక్క వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో, ఒప్పుకున్న డబ్బుతో పాటు

విదేశీ సంస్థ నుంచి ఆఖరి విడత స్టైపెండ్ రావాల్సి ఉంటే బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) అడుగుతుంది. ఒప్పందం కాపీ, ఇన్‌వాయిస్ ఒకే ఫోల్డర్‌లో ఉంచుకుని, డబ్బు పంపేముందు పేరు మీ ఖాతాలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయమని వాళ్ళకు చెప్పండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమకతో మనవాళ్ళ చెల్లింపులు ఆగిపోవడం మామూలే.